పద్నాలుగో మంచం విన్నది

మూడో రోజు. ఎండు మెట్లు: ఎనిమిది. గాలి: తూర్పు.

చివరి రోజు ఇలా జరిగింది.

పొద్దున ఆరింటికి సిస్టర్ గ్లోరీ వచ్చి రత్నానికి ఒళ్ళు తుడిచింది. ఏడింటికి సగ్గుబియ్యం జావ ఇచ్చారు. రత్నం మూడు చెంచాలు తాగి, ఉప్పు లేదంది. ఉంది. తొమ్మిదింటికి మేజర్ హైమవతి వచ్చి, నాడి చూసి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది. అంతకుముందు ఎప్పుడూ వెయ్యలేదు.

పదిన్నరకి రత్నం కళ్ళు తెరిచి నన్ను చూసింది. "మాస్టారూ, వెళ్ళి టీ తాగి రండి. మీరలా నిలబడితే పరీక్ష హాల్లో ఉన్నట్టుంది" అంది.

వెళ్ళాను. క్యాంటీన్ దగ్గర క్యూ ఉంది. టీ యంత్రం నా అరచెయ్యి చూసి "స్వాగతం సుబేదార్ గారూ" అంది. సుబేదార్ రత్నం, మా ఆవిడ. నేను కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరైనవాణ్ణి. యంత్రాలు ఏదో ఒకటి అంటుంటాయి కదా అని పట్టించుకోలేదు. ఇరవై రెండు నిమిషాలకి వార్డుకి తిరిగొచ్చాను. రత్నం ఉన్న పద్నాలుగో మంచం మీది దీపం ఆరిపోయి ఉంది.

"ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు మాస్టారూ" అంది సిస్టర్ గ్లోరీ. "నేను అవతల గదిలో ఉన్నాను, మాటలు తెలియలేదు. మంచంతో మాట్లాడారు. మంచం విన్నది. రికార్డు కౌంటర్లో అడగండి, వినిపిస్తారు."

ఈ ఆసుపత్రిలో మంచాలు వింటాయి. నొప్పి ఎంతని అడుగుతాయి, దాహమా అని అడుగుతాయి, చెప్పింది దాచుకుంటాయి. నలభై ఐదు రోజులు దాచుకుంటాయి. తర్వాత దుప్పటి ఉతికినట్టు దాన్నీ కడిగేస్తారు.

ఇరవై రెండు నిమిషాలు. నాకు కావలసింది అదొక్కటే.

ఇది రాసుకోవడానికి ఇంట్లో వేరే పుస్తకం లేదు. సముద్రపు గోడని కాసే గోడ దళం తన వాళ్ళుండే ప్రతి క్వార్టర్‌కీ ఒక నీటి పుస్తకం ఇస్తుంది. పొద్దున్నే వాకిట్లోకి వచ్చి, కింద సముద్రంలోకి దిగే మెట్లలో ఎన్ని పొడిగా ఉన్నాయో లెక్కపెట్టి రాయాలి. ఈ క్వార్టర్‌లో చేరి పంతొమ్మిదేళ్ళు. మెట్లు నేను లెక్కపెట్టేవాణ్ణి. హాజరు పిలుపు అప్పుడు ఆ అంకె రత్నం చెప్పేది. పుస్తకం చివర 'ఇతర విషయాలు' అని వెడల్పాటి గడి ఉంది. ఇన్నేళ్ళలో ఎవరూ అందులో ఏమీ రాయలేదు. ఎవరూ చదవరు కూడా.

ఐదో రోజు. ఎండు మెట్లు: ఎనిమిది.

రికార్డు కౌంటర్‌కి వెళ్ళాను. నా ముందు రిటైర్డ్ నాయక్ బంగార్రాజు. పళ్ళ సెట్టు కోసం ఏడు వారాలుగా వస్తున్నాడట. ఆయనది పొరపాటున ఇంకొకరికి పెట్టారు.

"ఎవరికి పెట్టారో తెలియదా?" అన్నాను.

"ఎందుకు తెలీదండీ. రోజూ క్యాంటీన్లో కనపడతాడు. నా పళ్ళతో నా ఎదురుగానే చేగోడీలు తింటాడు."

నా వంతు వచ్చింది. కౌంటర్ మీద పలక ఉంటుంది. అరచెయ్యి పెట్టాలి. పెట్టాను.

"నమస్కారం సుబేదార్ బెవర నూకరత్నం గారూ" అంది కౌంటర్.

"నేను ఆవిణ్ణి కాదు. ఆవిడ భర్తని. బెవర అప్పలసూరి."

"బెవర అప్పలసూరి. ఆశ్రితుడు. పద్నాలుగో మంచంలో మరణించారు. గోడ దళం తరఫున మీకు ప్రగాఢ సానుభూతి."

"పోయింది నేను కాదు."

"మీరు కాదు. మీ భర్త."

వెనక నుంచి బంగార్రాజు, "పోయినాయన క్యూ ఆపకూడదు మాస్టారూ" అన్నాడు.

పక్క గదిలోంచి హవల్దార్ క్లర్క్ యోహాను వచ్చాడు. మొత్తం చూశాడు. ఎక్కడ తప్పిందో ఆయనే కనిపెట్టాడు. పోయినేడాది పెద్ద పోటులో పాత అరచేతుల రిజిస్టర్ మునిగిపోయింది. అందుకని ఆ తర్వాత ఆసుపత్రికి మొదటిసారి వచ్చినవాళ్ళందరి అరచేతులూ మళ్ళీ తీసుకుంటున్నారు. పద్ధతి ఏమిటంటే, సైనికులు ముందు పెట్టాలి, ఇంట్లోవాళ్ళు తర్వాత. రత్నాన్ని చేర్పించిన రోజు ఆమె చెయ్యి వణుకుతోంది. "ఆగడం లేదు మాస్టారూ, ముందు మీది కానివ్వండి" అంది. కానిచ్చాను.

ముందు పెట్టిన చెయ్యి సుబేదార్. తర్వాత పెట్టింది ఆశ్రితుడు.

"సిస్టర్‌కి తెలుసు కదా. మేజర్‌కి తెలుసు. మీకు తెలుసు" అన్నాను.

"నాకు తెలుసు మాస్టారూ. సుబేదార్ అమ్మ నాకు డ్రిల్లు నేర్పింది. రిజిస్టర్‌కి తెలియాలి కదా."

"అయితే దిద్దండి."

యోహాను కౌంటర్ వైపు చూసి, నన్ను బయట కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఏదీ వినదు. సైనికులెవరైనా పోతే వాళ్ళ కాగితాలన్నీ మూటగట్టి పైనున్న రికార్డాఫీసుకి పంపుతారట. ఏడాదిన్నర పడుతుంది. మంచం విన్నది కాగితం కాదు కాబట్టి మూటలో చేరదు. నలభై ఐదో రోజున కడిగేస్తారు.

"ఆశ్రితులు పోతే అలా కాదు. దగ్గరి బంధువు, అంటే ఆ సైనికుడే, సెలవు ముగించుకొని వచ్చి, ఒంట్లో బాగానే ఉందని పరీక్ష చేయించుకుంటే వినిపించేస్తారు."

"ఎందుకు పరీక్ష?"

"వెనక ఒకాయన విని గోడ మీంచి దూకాడు."

"అయితే నేనిప్పుడు..."

"నలభై ఐదు రోజులు పోయినవారిగానే ఉండండి మాస్టారూ. విన్నాక దిద్దుదాం."

ఎనిమిదో రోజు. ఎండు మెట్లు: తొమ్మిది. సముద్రం తగ్గింది.

బియ్యం వచ్చాయి. ఒక మనిషికే. నావి ఆపేశారు. రత్నం వాటా తింటున్నాను.

హాజరు వేళకి తలుపు పక్క మాట్లాడే పెట్టెలో మెట్ల అంకె నేనే చెప్తున్నాను. ఈ రోజు పెట్టె తిరిగి మాట్లాడింది. "క్వార్టర్ ఏడు బి. మీకు ఇరుపక్కలా ఎనిమిది చెప్పారు. సరిచూసుకోండి."

చూసుకున్నాను. తొమ్మిది. వాళ్ళు సరిచూసుకోవాలి.

పదకొండో రోజు. ఎండు మెట్లు: తొమ్మిది.

కార్యక్రమం అయింది. రత్నం తమ్ముడు వచ్చి అన్నీ చూసుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి గోడ కమాండెంట్ ఉత్తరం వచ్చింది. సుబేదార్ నూకరత్నం గారికి. అందరూ ఉండగా తలుపు పెట్టె దాన్ని పైకి చదివింది.

"మీ భర్త అప్పలసూరి గారు కలుపుగోలు మనిషి. ఎప్పుడూ నవ్వుతూ, నవ్విస్తూ ఉండేవారు. ఆయన లేని లోటు గోడ దళ కుటుంబాలకి తీరనిది. మీకు పదిహేను రోజుల శోక సెలవు మంజూరైంది."

రత్నం తమ్ముడు విస్తరి ముందు కూర్చుని నా వైపు చూశాడు. "బావా, ఎవరి గురించి?" అన్నాడు.

"నా గురించే."

"నవ్విస్తూనా?"

ఈ పదకొండు రోజుల్లో ఈ ఇంట్లో మొదటిసారి ఎవరో నవ్వారు. అరిటాకు మీద పప్పు చల్లారిపోయేదాకా నవ్వారు. నేను వడ్డిస్తూ ఉన్నాను.

పదహారో రోజు. ఎండు మెట్లు: ఎనిమిది.

సెలవు అయిపోయింది. పొద్దున ఆరింటికి పెట్టె పిలిచింది. "సుబేదార్ నూకరత్నం."

పంతొమ్మిదేళ్ళు ఈ పిలుపు వంటింట్లోంచి విన్నాను. తర్వాత ఆమె గొంతు వినపడేది. ఈ రోజు పిలుపు తర్వాత ఏమీ లేదు. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిస్తే గైర్హాజరు. గైర్హాజరైతే సెలవు ముగించుకొని వచ్చినట్టు కాదు.

వెళ్ళి పలక మీద అరచెయ్యి పెట్టాను. "హాజర్" అన్నాను.

"జలుబు చేసిందా సుబేదార్ గారూ?" అంది పెట్టె.

"అవును."

"ఆవిరి పట్టండి."

పట్టాను. ఎందుకో తెలియదు.

ఇరవై మూడో రోజు. ఎండు మెట్లు: ఎనిమిది.

పరీక్ష. గది తలుపు మీద 'ఈ గది వింటుంది' అని రాసి ఉంది. మేజర్ హైమవతి బల్ల వెనక కూర్చుని ఉంది. రత్నాన్ని పన్నెండేళ్ళుగా ఎరుగును. నన్నూ ఎరుగును. నా ముఖం చూసింది, చీటీ చూసింది, తలుపు మీది అక్షరాల వైపు ఒకసారి చూసింది.

"రండి సుబేదార్ గారూ. కూర్చోండి."

కూర్చున్నాను. పక్కనున్న యంత్రం నన్ను పైనుంచి కిందికి చూసి చదవడం మొదలుపెట్టింది.

"వయసు యాభై ఆరు. పోయిన పరీక్ష కన్నా నాలుగంగుళాలు ఎత్తు పెరిగారు."

"కాల్షియం వేసుకుంటున్నారా?" అంది మేజర్.

"వేసుకుంటున్నానండి."

"మానకండి."

"ఎడమవైపు రెండు పక్కటెముకలు విరిగి అతికినట్టు పాత నమోదు. ఇప్పుడు ఆనవాళ్ళు లేవు" అంది యంత్రం.

"సంతోషం."

"గర్భసంచి కనిపించడం లేదు."

మేజర్ కలం కింద పడింది. దాన్ని తీసుకోవడానికి కొంచెం ఎక్కువసేపే వంగింది. లేచాక ముఖం మామూలుగా ఉంది. "పాత ఆపరేషన్ అని రాసుకో" అంది యంత్రంతో.

"మీసం."

"వయసు మీద పడితే వస్తుంటాయి."

యంత్రం రాసుకుంది. ఇక మనసు పరీక్ష. అది మేజరే అడగాలి.

"మీవారు పోయి ఎన్నాళ్ళయింది?"

"ఇరవై మూడు రోజులు."

"ఎలాంటి మనిషి?"

రత్నం అయితే ఏమనేదో ఆలోచించాను. "పరవాలేదండి. చెప్పిన పని చేసేవాడు. చెప్పనిది చేసేవాడు కాదు."

"గొడవలు?"

"కూరలో ఉప్పు గురించి. చాలాసార్లు ఆయన మాటే నిజం."

"ఇది ఆయన చెప్తే నమ్మేదాన్ని కాదు. మీరు చెప్తున్నారు కాబట్టి రాస్తున్నాను. నిద్ర పడుతోందా?"

"మంచానికి కుడివైపే పడుకుంటున్నాను. జరిగి పడుకోవచ్చు. జరగడం లేదు."

"తిండి?"

"ఇద్దరికి వండుతున్నాను. గ్లాసు మార్చాలి. బియ్యం కొలిచే గ్లాసు పెద్దది."

మేజర్ రాయడం ఆపింది. "ఆయన విషయంలో ఇలా చేసి ఉండాల్సింది అనిపించేది ఏమైనా ఉందా?"

"టీకి వెళ్ళకుండా ఉండాల్సింది."

"వాక్యం అర్థం కాలేదు. టీకి ఎవరు వెళ్ళారు?" అంది యంత్రం.

"నాకు అర్థమైంది. నువ్వు రాసుకోనక్కర్లేదు" అంది మేజర్.

చీటీ మీద సంతకం పెట్టి ఇచ్చింది. వినడానికి తగిన మనిషి. ఇక మిగిలింది ఒళ్ళు పరీక్ష. గోడ నిచ్చెన నలభై మెట్లు ఎక్కాలి. సుబేదార్ హోదాకి అంతే. కింది హోదాలకి అరవై.

ఇరవై ఆరో రోజు. ఎండు మెట్లు: ఏడు.

పదకొండు మెట్లు ఎక్కాను. పన్నెండో మెట్టు మీద కాసేపు నిలబడదామనుకున్నాను. కుదరలేదు. దిగాను.

నిచ్చెన యంత్రం "సుబేదార్ నూకరత్నం. పోయినేడాది నూట ఇరవై మెట్లు, చేతిలో ఇసుక మూటతో" అంది. ఆ మాట చెప్పాల్సిన అవసరం లేదు.

మళ్ళీ అవకాశం పద్నాలుగు రోజుల తర్వాతే. అంటే నలభయ్యో రోజున. అప్పుడు తప్పితే ఇంకో అవకాశం యాభై నాలుగో రోజున వస్తుంది. అప్పటికి పద్నాలుగో మంచంలో ఏమీ ఉండదు.

ఇరవై తొమ్మిదో రోజు. ఎండు మెట్లు: తొమ్మిది.

సముద్రం గురించి గోడ నుంచి సబ్ ఇంజినీర్ వచ్చింది. పేరు కిన్నెర. మూడు కాళ్ళ స్టాండు మీద పనిముట్టు నిలబెట్టి గంటసేపు చూసింది.

"మాస్టారూ, వరసగా నాలుగు వారాల నుంచి మీ వాకిట్లో సముద్రం పక్కిళ్ళ కన్నా ఒక మెట్టు తక్కువ చూపిస్తోంది. మీ ఇంటి ముందు గుంట పడిందేమో అని పైవాళ్ళ అనుమానం."

"సముద్రానికి గుంట పడదు."

"పడదని నేనూ చెప్పాను. వెళ్ళి చూసి రమ్మన్నారు. నీళ్ళు సమానంగానే ఉన్నాయి. మరి మీ లెక్క..."

"ఇరవై ఏడేళ్ళు బ్యూరెట్ చూసి అంకె రాసినవాణ్ణి నేను. చుక్కలో పదో వంతు తేడా పట్టుకునేవాణ్ణి. తొమ్మిది మెట్లు లెక్కపెట్టలేనా?"

"అబ్బే, అది కాదండి."

"పంతొమ్మిదేళ్ళుగా ఇవే మెట్లు. మా ఆవిడ ఉండగా ఒక్కసారైనా తేడా వచ్చిందా?"

"రాలేదండి. అదే అర్థం కావడం లేదు." 

మెట్ల ఎత్తులో తేడా ఉండొచ్చు, మళ్ళీ వచ్చి కొలుస్తాను అని చెప్పి వెళ్ళింది. వెళ్ళేముందు కాఫీ ఇచ్చాను. గ్లాసు నిండా ఇచ్చాను. ఇద్దరికి కలిపానుగా.

ముప్పై మూడో రోజు. ఎండు మెట్లు: ఎనిమిది.

రోజూ మధ్యాహ్నం నిచ్చెన సాధన. బంగార్రాజు కింద నిలబడి చెప్తాడు. ఆయనకి పళ్ళు లేకపోవడం వల్ల ఏం చెప్తున్నాడో పైకి తెలియదు. దిగాక అడుగుతాను.

"కాళ్ళతో ఎక్కాలండి. మీరు చేతుల్తో లాగుతున్నారు. చాక్‌పీసు పట్టుకున్న చేతులు అవి, ఏం లాగుతాయి?"

ఇరవై ఆరు మెట్లు.

పొద్దున పిలుపుకి పదిహేను నిమిషాల ముందే లేస్తున్నాను. పెట్టె దగ్గర కుర్చీ వేసుకున్నాను. "సుబేదార్ నూకరత్నం" అని మనిషి గొంతుతో పిలుస్తుంది. రోజంతా ఆ పేరు పైకి అనేది అదొక్కటే. జలుబు తగ్గలేదా అని అడుగుతోంది. తగ్గలేదంటున్నాను.

నలభయ్యో రోజు. ఎండు మెట్లు: ఏడు. పోటు ఎక్కువ.

ఎక్కాను.

ముప్పై దాటాక కింద ఎవరెవరు ఉన్నారో చూడలేదు. యోహాను, సిస్టర్ గ్లోరీ, బంగార్రాజు ఉన్నారని తర్వాత తెలిసింది. మెట్లు మనసులో లెక్కపెట్టుకుంటూ నలభై అని ఆగాను.

"ముప్పై తొమ్మిది. ఇంకొకటి" అంది నిచ్చెన.

నా లెక్కలో నలభయ్యే. వాదించడానికి ఊపిరి లేదు. ఇంకొకటి ఎక్కాను.

పైనుంచి గోడ పొడుగునా కనిపించింది. దాన్ని ఖానాలుగా విడగొట్టి, ఒక్కొక్క ఖానా ఒక్కొక్క జట్టుకి అప్పగించారు. పదకొండో ఖానా రత్నం జట్టుది. పెద్ద పోటు వచ్చినప్పుడు ఆ ఖానాని మూడు పగళ్ళు ఇసుక మూటలతో నిలబెట్టారు. అక్కడే రత్నం రెండు పక్కటెముకలు విరిగాయి. గోడ దళంలో పోయినవాళ్ళ పేర్లు వాళ్ళు కాసిన ఖానా మీద చెక్కుతారు. పదకొండులో ఆరు పేర్లు ఉన్నాయి. ఏడో పేరుకి చోటు ఉంది. పోయింది నేను కాబట్టి అది ఖాళీగా ఉంది.

దిగాక యోహాను చీటీ మీద ముద్ర వేశాడు. తర్వాత కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"మాస్టారూ, ఒక మాట. విన్నాక కూడా దీన్ని ఇలాగే వదిలేయొచ్చు. అమ్మకి ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. మీరు రోజూ హాజర్ చెప్పుకుంటూ ఉండొచ్చు. పోయినాయన్ని ఎవరూ ఏమీ అడగరు."

"నాలుగేళ్ళు పిలుస్తారా?"

"రోజూ పిలుస్తారు."

ఆలోచిస్తానన్నాను. ఆలోచించాల్సింది ఏమీ లేదు. పిలవాలనే ఉంది.

నలభై మూడో రోజు. ఎండు మెట్లు: ఎనిమిది.

ఈ రోజు విన్నాను. ఒకసారే వినిపిస్తారు. కాగితం, కలం లోపలికి రానివ్వరు. ఇంటికొచ్చి గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

చిన్న గది. ఒక కుర్చీ. మంచం గొంతు మొదట వచ్చింది.

"నొప్పి ఒకటి నుంచి పది వరకు ఎంత?"

"ఎనిమిది" అంది రత్నం. "ఆయన వచ్చాక మళ్ళీ అడుగుతావుగా. అప్పుడు రెండంటాను. మధ్యలో కల్పించుకోకు."

"సరే. నీళ్ళు కావాలా?"

"వద్దు. పుట్టిన దగ్గర్నుంచీ నీళ్ళే."

పక్కన ఎవరిదో చెప్పుల చప్పుడు.

"ఎవరినైనా పిలవాలా?"

"వద్దు. ఆ టీ యంత్రం దగ్గర ఎప్పుడూ క్యూ ఉంటుంది. అందుకే పంపాను. రానీ నెమ్మదిగా."

"ఎవరికైనా ఏదైనా చెప్పాలా?"

"ఆయనకే. ఎదురుగా చెప్పలేను. పంతొమ్మిదేళ్ళు చెప్పలేదు, ఇప్పుడేం చెప్తాను. రాసుకో. ఆయన మెట్లు తప్పు లెక్కపెడతారు."

నేను కుర్చీలో కొంచెం కదిలాను.

"గడపని కూడా మెట్టే అనుకుంటారు. ఏదైనా అంతే. నిలబడ్డ చోటునే ఒకటి అని మొదలుపెడతారు. క్వార్టర్‌లో చేరిన మొదటి వారమే చూశాను. చెప్దామనుకున్నాను. అంకె రాసి, కింద గీత గీసి, పుస్తకం దూరంగా పట్టుకుని చూసుకుంటున్నారు. ఆ ముఖం చూశాక చెప్పబుద్ధి కాలేదు. రోజూ ఒకటి తీసేసి చెప్పాను. ఇంక తీసేసేవాళ్ళు ఉండరు. సముద్రానిదే తప్పని ఇంజినీర్లతో పోట్లాటకి దిగుతారు. ఆయనకి మర్యాదగా చెప్పు. లెక్చరర్ కదా."

"నమోదైంది. ఇంకేమైనా?"

"నా పేరు చెక్కించేటప్పుడు నీళ్ళకి నాలుగు మెట్లు పైన అని మా జట్టుకి చెప్పాను. ఆయన దగ్గరుండి కొలిపిస్తానంటారు. ఆయన నాలుగంటే మూడు. పోటు వచ్చినప్పుడల్లా నా పేరు తడుస్తుంది. ఒకటి కలుపుకోమను."

"నమోదైంది. నొప్పి ఒకటి నుంచి పది వరకు ఎంత?"

"ఆయన వచ్చారా?"

"రాలేదు."

"అయితే అడక్కు."

ఆ తర్వాత మాటలు లేవు. ఊపిరి ఉంది. చివరిదాకా కూర్చుని విన్నాను. లెక్కపెట్టలేదు.

బయటికొచ్చాక బంగార్రాజు నోటి నిండా నవ్వాడు. పళ్ళు వచ్చాయి. అవతలాయన చేగోడీ కొరుకుతుంటే అవి ఊడి ప్లేట్లో పడ్డాయట, ఈయన పక్కనే ఉండి తీసేసుకున్నాడట. "కాగితాలతో పని లేకుండా అయిపోయింది మాస్టారూ" అన్నాడు.

ఇంటికొచ్చి వాకిట్లో నిలబడ్డాను. గడపని చూశాను. గడపే. ఎలా చూసినా మెట్టు కాదు. పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేశాను. పంతొమ్మిదేళ్ళు. ప్రతి అంకె కిందా గీత. ఒక్కటీ సరి కాదు. పైన ఎనిమిది అని రాశాను. ఏడు.

పదకొండో ఖానాలో ఏడో చోటు గురించి యోహానుకి ఇంకా చెప్పలేదు. రేపు చెప్తాను.

రేపు పొద్దున ఐదున్నరకి లేచి, గడప దాటాక లెక్క మొదలుపెడతాను. ఆరింటికి సుబేదార్ నూకరత్నం అని పిలుస్తారు. మూడుసార్లూ పిలవనిస్తాను. పలక మీద చెయ్యి పెట్టను. మెట్ల అంకె మాత్రం చెప్తాను. తర్వాత ఆసుపత్రికి వెళ్ళి, మేజర్‌నీ సిస్టర్ గ్లోరీనీ సాక్షులుగా పెట్టి, పోయింది ఎవరో రాయించి వస్తాను. అక్కణ్ణుంచి సుద్దముక్క పట్టుకుని పదకొండో ఖానాకి వెళ్తాను. నీళ్ళకి నాలుగు మెట్లు పైన గీత పెడతాను. నా లెక్కలో ఐదు.